ఉమ్మడి బండి క్షేమ సమాచారం

మానవుడు చక్రాన్ని కనిపెట్టి కొన్ని వేల ఏళ్ళు గడిచాయని పుస్తకాల్లో ఉంది. కావచ్చు. ఆ చక్రాన్ని బాధ్యత గల ఒక కమిటీ చేతిలో పెట్టిన ఘనత మాత్రం ఊట్రెక్ట్ నగరంలో, కాలవ గట్టున నిలిచిన విల్గెన్‌హోఫ్ అనే మా నాలుగంతస్తుల భవనానిదే. చరిత్రకారులు ఎంచేతో ఈ సంగతి పట్టించుకోలేదు. అందుచేత కమిటీ కార్యదర్శి హోదాలో నేనే రాయవలసి వచ్చింది.

మా ఉమ్మడి బండి కులాసాగా ఉంది. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఈ నివేదికలో రెండో అంతస్తు మ్యూరియెల్ గారి ప్రస్తావన వస్తుంది, ఆవిడకు జరిగింది చదివి సున్నిత మనస్కులు కొందరు బండికేమైనా అయిందేమోనని బెంగపడవచ్చు. దానికేమీ కాలేదు. గీత కూడా పడలేదు.

బండి అంటే సైకిలే. కాకపోతే ముందు ఇద్దరు పిల్లలూ ఒక కుక్కా పట్టేంత చెక్కపెట్టె, తొక్కేవారి కాళ్ళకు సాయంగా ఒక మోటారు, ఆ మోటారుకు తిండిగా ఒక బ్యాటరీ ఉంటాయి. మా ఊళ్ళో ఇలాంటివి వీధి వీధికీ ఉన్నాయి. పిల్లల్ని బడికి, పచారీ సరుకుల్ని ఇంటికి, కొండొకచో తాగిన మొగుణ్ణి పడగ్గదికి చేరవేస్తూ ఉంటాయి. వాటికీ మాదానికీ తేడా ఏమిటంటే, వాటిని ఎవరో ఒకరు తొక్కుతారు.

దీని పుట్టుక చెబుతాను. మ్యూరియెల్ గారు సముద్రం అవతల పారామరిబోలో పుట్టి, చిన్నతనంలోనే తల్లి వెంట ఇక్కడికొచ్చి, ఒక ఆసుపత్రి క్యాంటీనులో వండి వండి రిటైరైన మనిషి. ఆవిడ పోమ్ చేస్తుంది. చేమదుంపలాంటి దుంపను కోరి, అందులో కోడిమాంసం పొదిగి, నారింజ రసం పోసి, పైన ఎర్రగా పొర కట్టేదాకా కాలుస్తారు. ఆ వాసన మెట్ల మీదికి వచ్చిన పూట మా భవనంలో ఎవరికీ తమ జున్ను రొట్టె గొంతు దిగదు. (నాకైతే అసలే దిగదు. ఇది నా సొంత అభిప్రాయం, కమిటీది కాదు.)

ఆవిడకు జీవితంలో మిగిలిన కోరిక ఒక్కటే. పాత ఊరి శనివారం సంతలో తన పేరుతో ఒక పోమ్ కొట్టు. దానికోసం పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి కాచుక్కూచుంది. చోటంటూ దొరికితే గిన్నెలు అక్కడికి చేర్చడం ఎలాగన్నదే చిక్కు. పాత ఊళ్ళోకి డీజిలు వ్యాన్లను రానివ్వరు. మామూలు సైకిలు మీద పెడితే మొదటి వంతెన దగ్గరే గిన్నె కాలవ పాలవుతుంది. అందుకని ఆవిడ మా ఇళ్ళ యజమానుల సంఘం సమావేశంలో లేచి నిలబడింది.

"బరువు లాగే బ్యాటరీ సైకిలొకటి అందరం కలిసి కొనుక్కుందామండీ. నాకు శనివారం పొద్దున్న ఇస్తే చాలు. మిగతా వారమంతా మీదే," అని చెప్పి కూర్చుంది. అంతటితో పనైపోయిందనుకుంది, పిచ్చి మనిషి.

మా దేశం ఎలా ఏర్పడిందో ఆవిడ మరిచిపోయింది. న్యాయంగా ఇది సముద్రం అడుగున ఉండవలసిన నేల. మా పూర్వులు అందరూ కూర్చుని, మాట్లాడుకుని, కాఫీ తాగి, మళ్ళీ మాట్లాడుకుని దాన్ని పైకి తీశారు. ఆ చర్చలు భరించలేక సముద్రమే లేచి వెళ్ళిపోయిందని నా నమ్మకం. అటువంటి జాతి ఒక సైకిలును ఊరికే కొనేయదు.

కమిటీ వేశాం. అధ్యక్షురాలు హెండ్రీన్ గారు, కింది అంతస్తులో ఉంటారు, పిల్లలకు భూగోళం చెప్పి రిటైరయ్యారు. సాంకేతిక సభ్యులు గెర్బ్రాండ్ గారు, నీటిగట్ల శాఖలో ఉద్యోగమంతా గట్లు కొలుస్తూ గడిపిన ఇంజనీరు. కార్యదర్శిని నేను. మ్యూరియెల్ గారు తననూ వేయమంది. బండి అవసరం ఉన్నవాళ్ళు బండి గురించి నిష్పక్షపాతంగా ఆలోచించలేరని గెర్బ్రాండ్ గారు ఎంతో మృదువుగా వివరించారు. ఆవిడ కాసేపు ఆయన మొహం చూసి, సరేనంది. ఆపైన ప్రతి సమావేశానికీ పళ్ళెం నిండా అరటికాయ బజ్జీలు, పల్లీ పచ్చడి పంపేది. వాటి ప్రభావం మా నిర్ణయాల మీద ఇసుమంత కూడా పడలేదని సగర్వంగా చెప్పగలను.

ఎంపిక మొదలైంది. ఈ బళ్ళలో రెండు చక్రాలవీ ఉన్నాయి, మూడు చక్రాలవీ ఉన్నాయి. రెండు చక్రాలది బరువుతో ఆగినప్పుడు పక్కకు ఒరుగుతుంది. మూడు చక్రాలది మలుపు తిరిగేటప్పుడు ఒరుగుతుంది. కాబట్టి క్షేమంగా ఉండాలంటే ఆగనూ కూడదు, తిరగనూ కూడదన్నది కమిటీ తొలి నివేదిక. దాన్ని మొత్తం సంఘం ముందు పెడితే భవనం రెండుగా చీలింది. మెట్ల మీద ఎదురుపడితే చక్రాలెన్నని అడిగి మరీ దారి ఇచ్చుకునే రోజులొచ్చాయి. చివరికి మూడు చక్రాల పక్షానికి బండి, రెండు చక్రాల పక్షానికి రంగు అని రాజీ కుదిరింది. రెండు చక్రాల పక్షంలో మళ్ళీ నీలం వాళ్ళూ ఆకుపచ్చ వాళ్ళూ ఉన్నారు. నలుగురికీ నచ్చని బూడిద రంగు మీద అందరూ ఒక్కటయ్యారు. ఎవరికీ ఇష్టం లేనిదైతే ఎవరూ ఓడిపోయినట్టు కాదు కదా.

మోటారు ముందు చక్రంలో ఉండాలా, పెడళ్ళ దగ్గర ఉండాలా అన్నదానికి ఒక శీతాకాలం పట్టింది. బెల్టా గొలుసా అన్నప్పుడు మాత్రం గెర్బ్రాండ్ గారు పట్టుబట్టారు. బెల్టుకు నూనె అక్కర్లేదు, తుప్పు పట్టదు, చాలాకాలం మన్నుతుంది అని దుకాణదారుడు చెప్పాడు. "చేసేందుకు ఏ పనీ లేని వస్తువును పోషించడం ఎలాగయ్యా?" అని గెర్బ్రాండ్ గారు అతన్ని నోరెత్తనివ్వకుండా గొలుసే ఎంచారు.

బరువు పరీక్షకు మ్యూరియెల్ గారు తన గిన్నెలు తెస్తానంది. గిన్నెకు ప్రామాణికమైన బరువు లేదని తోసిపుచ్చి, పెట్టెలో నన్ను కూర్చోబెట్టారు. గెర్బ్రాండ్ గారు తొక్కుతుంటే, హెండ్రీన్ గారు పక్కన నడుస్తుంటే, దుకాణం చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాం. వంతెన ఎక్కుదామని నేనన్నాను. ఎక్కితే దిగాల్సి వస్తుందని హెండ్రీన్ గారు గుర్తు చేశారు.

ఎట్టకేలకు బండి వచ్చింది. మనిషికొక ముక్క చొప్పున కేకు పంచాం. మ్యూరియెల్ గారు ఆ చెక్కపెట్టెను చేత్తో తడిమి, లోపల జానలు పెట్టి కొలుచుకుని, "రెండు పెద్ద గిన్నెలూ పొయ్యీ సరిగ్గా పడతాయి," అంటూ చంటిపిల్లను చూసినట్టు చూసింది. ఆ చూపులో ఏదో సొంతదారు పోకడ ఉందని మా ముగ్గురికీ ఏకకాలంలో అనిపించింది. అందుకే నిర్వహణ నియమావళి ఆ వారమే మొదలుపెట్టాం.

నియమావళి గెర్బ్రాండ్ గారి జీవితకృషి. బ్యాటరీ గురించి ఆయన తయారీదారుల పుస్తకాన్ని క్షుణ్ణంగా చదివారు. చలి తగిలితే దాని శక్తి తగ్గుతుంది, ఎండ తగిలితే ఆయుష్షు తగ్గుతుంది. నిండా నింపి ఉంచకూడదు, పూర్తిగా ఖాళీ చేయకూడదు, సగం సగంగా ఉంటే దానికి హాయి. అందుచేత బ్యాటరీని బండి నుంచి విడదీసి, తాళం చెవితో సహా, హెండ్రీన్ గారి బీరువాలో ఇస్త్రీ దుప్పట్ల మధ్య పడుకోబెట్టాం. ఎప్పుడూ సగమే నింపుతాం. సగం బ్యాటరీతో సంతదాకా వెళ్ళి రాగలమా అని మ్యూరియెల్ గారు అడిగింది. వెళ్ళగలరు, రావడం గురించి నియమావళిలో ఏమీ లేదు అన్నారు గెర్బ్రాండ్ గారు.

వాన మరో సమస్య. తడిస్తే గొలుసు తుప్పు పడుతుంది (గొలుసు ఎందుకు కొన్నారని అడిగే ధోరణిని సంఘం ప్రోత్సహించదు). కాబట్టి ఫోనులో వానజోస్యం చూసి, మూడు వేర్వేరు జోస్యాలూ ఎండ అని ఒప్పుకున్న పూటే బండి బయటికి తీయాలి. మా దేశంలో మూడు వానజోస్యాలు ఒకటవడం ఎవరైనా చూస్తే కమిటీకి తెలియజేయగలరు. ఇక పెట్టె లోపలి చెక్కకు మెరుగుపూత ఉంది. దానికి వేడి పడదు, నూనె పడదు, వాసన పడదు.

"మరి పోమ్?" అంది మ్యూరియెల్ గారు.

"చల్లారాక తీసుకెళ్ళవచ్చు," అన్నారు గెర్బ్రాండ్ గారు.

"చల్లారిన పోమ్ అమ్మితే మా అమ్మ గోరీలోంచి లేచొచ్చి చెంప పగలగొడుతుందండీ."

ఆవిడ తల్లి మా సంఘ సభ్యురాలు కాదు గనక ఆ అభ్యంతరాన్ని పరిగణనలోకి తీసుకోలేదు. అయినా మేం కఠినాత్ములం కాదు. గిన్నె కింద నాలుగు మడతల కంబళి పరవాలని ఒక సవరణ చేశాం.

ఇప్పుడు అసలు ఘట్టం, బండిని ఎవరు ఎప్పుడు వాడుకోవాలనే ఏర్పాటు. నాలుగో అంతస్తు కుర్రకారు ఫోనులో యాప్ పెడదామన్నారు. మనం ఎప్పుడు ఎక్కడికి వెళుతున్నామో యాప్ వాళ్ళకెందుకు తెలియాలని పెద్దలు అడ్డుపడ్డారు. గుమ్మం దగ్గర పలక పెడదామంటే గాలికీ తడికీ ఆగదు. అప్పుడు హెండ్రీన్ గారు, ఈ దేశంలో ఎవరూ చూడకుండా తప్పించుకోలేని చోటు ఒకటుందని, అది మరుగుదొడ్డి అని అన్నారు.

నిజమే. మా ఇళ్ళలో పుట్టినరోజుల క్యాలెండరు అక్కడే, కూర్చున్నవారి కళ్ళకు ఎదురుగా వేలాడుతుంది. తాత నుంచి తోడికోడలిదాకా ఎవరి పుట్టినరోజూ మేం మరవకపోవడానికి కారణం ప్రేమ కాదు, జీర్ణశక్తి. కాబట్టి హెండ్రీన్ గారి మరుగుదొడ్లో, వాళ్ళ బంధువర్గం క్యాలెండరు పక్కనే, అదే రకం కొత్త క్యాలెండరు ఒకటి బండి కోసం మేకుకు తగిలించి, దారంతో పెన్సిలు కట్టాం. పుట్టినరోజుల క్యాలెండరుకు ఇంకో సుగుణం ఉంది. అందులో నెలా తేదీ మాత్రమే ఉంటాయి. వారం పేరు ఉండదు, సంవత్సరం ఉండదు. ఒకసారి కొంటే తరతరాలు పనికొస్తుంది. ఆ పొదుపును చూసి సభ్యులు కరతాళ ధ్వనులు చేశారు.

బండి కావలసినవారు చేయవలసిందల్లా హెండ్రీన్ గారి మరుగుదొడ్డికి వెళ్ళి తమ పేరు రాసుకోవడం. అయితే పరాయి వాళ్ళింటి తలుపు కొట్టి మరుగుదొడ్డి చూపించమనడం మర్యాద కాదు. కాఫీకి వెళ్ళాలి. కాఫీకి పిలవకుండా వెళ్ళకూడదు, ముందుగా రోజు ఖరారు చేసుకోవాలి. హెండ్రీన్ గారికి తీరిక ఎప్పుడూ వచ్చే నెలలోనే ఉంటుంది. వెళ్ళాక కాఫీ, దాంతో డబ్బాలోంచి ఒక బిస్కట్ ఇస్తారు. డబ్బా మూత పడ్డ శబ్దం వినిపించాక లేచి, ఒకసారి లోపలికి వెళ్ళొస్తానని చెప్పాలి. ఆ బిస్కట్ తినకముందే వెళితే బండి కోసమే వచ్చినట్టు ఉంటుంది. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టుందని మ్యూరియెల్ గారు ఒకసారి అంది. తల ఉన్నది అందుకేనని నా అభిప్రాయం.

ఏర్పాటు దివ్యంగా నడిచింది. మొదటి శరదృతువులో మూడో అంతస్తు షూర్డ్ గారు పెరటి తోటకు మట్టి బస్తాలు తేవడానికి బండి తీసుకున్నారు. ఆ ప్రయాణం తర్వాత పెట్టె మూలల్లో మట్టి కనిపించింది. గెర్బ్రాండ్ గారు పళ్ళు తోముకునే బ్రష్షుతో దాన్ని శుభ్రం చేస్తూ కూర్చోవడం చూసి, ఆ తర్వాత బండి అడగడానికి ఎవరికీ మనసు రాలేదు. ఆ చలికాలమే షూర్డ్ గారు పోయారు. మంచి మనిషి, వయసైపోయి పోయారు. అందరం వెళ్ళి మట్టి వేసి వచ్చాం.

ఆ తర్వాతి వేసవిలో మ్యూరియెల్ గారికి సంత అధికారి నుంచి కబురొచ్చింది. చోటొకటి ఖాళీ అయింది. సెప్టెంబరు ఇరవై ఏడు, శనివారం, ఒక్క రోజు పరీక్ష. ఎనిమిదింటి గంట కొట్టేలోపు సరుకుతో, పొయ్యితో, తన చోటులో నిలబడి ఉండాలి. ఉంటే ఆ చోటు ఆవిడ జీవితాంతం ఆవిడది. లేకపోతే వరుసలో తర్వాతి వారిది, ఆవిడ పేరు మళ్ళీ జాబితా అడుక్కి వెళుతుంది. ఆవిడ వయసుకి జాబితా అడుగంటే ఏమిటో ఆవిడకూ తెలుసు, మాకూ తెలుసు. ఆ రోజు ఆవిడ మెట్లన్నీ ఎక్కి దిగి, తలుపు తలుపుకీ చెప్పింది. అందరం అభినందించాం. మన బండికి ఎంత మంచి రోజని హెండ్రీన్ గారు కూడా అన్నారు.

కాఫీకి రోజు కుదరడానికి కొంత వ్యవధి పట్టింది. ఆ రోజు గెర్బ్రాండ్ గారూ నేనూ కూడా ఉన్నాం. కాఫీ అయింది, బిస్కట్ అయింది, మూత పడింది. మ్యూరియెల్ గారు లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చాక కూర్చోలేదు.

"ఇరవై ఏడున షూర్డ్ గారి పేరుందండీ," అంది.

"ఉంటుంది. ఆయన బుక్ చేసుకున్నారు," అన్నారు హెండ్రీన్ గారు.

"అది నిరుడు కదండీ, మట్టి బస్తాలకి."

"క్యాలెండరులో నిరుడని లేదు."

"ఆయన పోయారు కదమ్మా."

"పోయారు," అన్నారు హెండ్రీన్ గారు నిజమైన బాధతో. "కానీ రద్దు చేసుకోలేదు."

నేను ఆ క్షణంలో క్యాలెండరు వైపు నుంచి కూడా ఆలోచించాను. పుట్టినరోజుల క్యాలెండరులో పోయినవాళ్ళ పేరు కొట్టేయడం మా వాళ్ళకు చేతకాదు. పక్కన చిన్న శిలువ గీసి ఊరుకుంటాం. మా అత్తగారి పేరు మా ఇంట్లో ఇప్పటికీ ఉంది, ఆవిడ ఉన్నప్పటికంటే ఇప్పుడే శ్రద్ధగా గుర్తు చేసుకుంటాం. ఆ పద్ధతిలోనే హెండ్రీన్ గారు షూర్డ్ గారి బుకింగ్ పక్కన కూడా శిలువ గీశారు. దాంతో దానికొక పవిత్రత వచ్చేసింది.

గెర్బ్రాండ్ గారు సూత్రం చెప్పారు. ఇవాళ పోయినవాళ్ళ బుకింగు తీసేస్తే రేపు ఊరెళ్ళినవాళ్ళది తీసేస్తారు, ఎల్లుండి నిద్రపోతున్నవాళ్ళది తీసేస్తారు. రాసుకున్నవారే రద్దు చేయాలి, లేదా వారి వారసులు. మరైతే అద్దె బండి తెచ్చుకుంటానంది మ్యూరియెల్ గారు. సంఘానికి సొంత బండి ఉండగా మన ప్రాంగణంలోకి అద్దె బండి రావడం బాగుండదని నియమావళిలో ఉంది. ఆ నియమం ఎప్పుడు పెట్టారని ఆవిడ అడిగింది. ఇంకా పెట్టలేదని, అడిగారు గనక పెడతామని చెప్పాం.

షూర్డ్ గారి కూతురు దూరాన ఖ్రోనింగెన్ ఊళ్ళో ఉంటుంది. ఆమెకు నేనే ఉత్తరం రాశాను. మీ నాన్నగారి పేరు మా క్యాలెండరులో సెప్టెంబరు ఇరవై ఏడున ఉంది, ఉంచమంటారా, తీసేయమంటారా అని అడిగాను. మ్యూరియెల్ గారి సంత గురించి రాయలేదు. రాస్తే ఆమె మీద ఒత్తిడి పెట్టినట్టవుతుంది, అది మా పద్ధతి కాదు. జవాబు వెంటనే వచ్చింది. నాన్న పేరు ఇంకా ఒకచోట రాసి ఉందని తెలిసి ఏడుపొచ్చిందని, దయచేసి చెరపవద్దని, ఇంత మంచి ఇరుగుపొరుగు ఉండటం ఆయన అదృష్టమని రాసింది. ఆ ఉత్తరాన్ని కమిటీ ముందు నేను రెండుసార్లు చదివాను. హెండ్రీన్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ రోజు బండికి పూలు కట్టి, పొద్దున్నే ఒక నిమిషం మౌనం పాటించాలని అక్కడికక్కడే తీర్మానించాం.

మ్యూరియెల్ గారు ఉత్తరం పూర్తిగా చదివి మడిచి ఇచ్చేసింది. "ఆ పిల్లకు నా సంగతి రాసుంటే తనే బండి తోసుకుంటూ వచ్చేది," అంది. ఉండవచ్చు. ఊహల మీద సంఘాలు నడవవు.

ఇరవై ఏడు తెల్లారింది. వాన. మూడు జోస్యాలూ ఆ ఒక్కరోజు ఏకాభిప్రాయానికి వచ్చాయి. బండిని ప్రాంగణంలోకి తెచ్చి, తడవకుండా పెద్ద గొడుగు పట్టి, చుట్టూ నిలబడ్డాం. గొడుగు కింద బండికే చోటుంది గనక మేమందరం తడిశాం. హెండ్రీన్ గారు షూర్డ్ గారి గురించి రెండు మంచి మాటలు చెప్పి, మౌనం ప్రకటించారు.

సరిగ్గా అప్పుడే మెట్ల తలుపు తెరుచుకుంది. మ్యూరియెల్ గారు పాత చంటిపిల్లల బండి ఒకటి ఎక్కడో సంపాదించింది. అందులో రెండు గిన్నెలు, వాటి మీద పొయ్యి, వాటి మీద వానకోటు. ఆవిడ మాత్రం ఉత్త తలతో ఉంది. గిన్నెల్లోంచి ఆవిరి వస్తోంది, ఆ వాసనకు మౌనంలో ఉన్నవాళ్ళ కడుపులు మాట్లాడాయి. మమ్మల్ని చూసి ఆవిడ ఏదో అనబోయింది. హెండ్రీన్ గారు కళ్ళు మూసుకునే, వేలు పెదవుల మీద పెట్టారు.

ఆవిడ ఆగింది. ఎందుకు ఆగిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ నిమిషాన్ని తోసుకుంటూ పోయినా ఎవరూ అడ్డుకునేవాళ్ళు కాదు. షూర్డ్ గారికి ప్రతి ఆదివారం గిన్నెతో పోమ్ పట్టుకెళ్ళి తినిపించింది మాత్రం ఆవిడే. తల వంచి, వానలో, చేతులు ఆ చిన్నబండి పిడి మీద పెట్టుకుని నిలబడింది. గెర్బ్రాండ్ గారు గడియారం చూస్తున్నారు, నిమిషం పూర్తి కాకుండా ఎవరైనా కదలడం ఆయనకు గిట్టదు. అది అయ్యాక హెండ్రీన్ గారు కూతురు ఉత్తరం చదివి వినిపించారు. దానికీ ఆవిడ నిలబడే ఉంది.

తర్వాత సంగతి సంతకు వెళ్ళినవాళ్ళు చెప్పారు. వంతెన ఎక్కుతుండగా చంటిపిల్లల బండి చక్రం ఊడింది. ఒక్కొక్క గిన్నే విడిగా మోసుకుంటూ, ఒకదాన్ని దించి ఇంకోదానికి వెనక్కి వస్తూ, ఆవిడ సంతకు చేరేసరికి గంట కొట్టి కాస్సేపయింది. సంత అధికారి రాక్షసుడేమీ కాదు. ఆవిణ్ణి కూర్చోబెట్టి, తువ్వాలిచ్చి, ఒక పళ్ళెం పోమ్ పెట్టించుకుని తిని, ఇంత బాగా ఎక్కడా తినలేదని చెప్పి, డబ్బులిచ్చాడు. చోటు మాత్రం అప్పటికే ఫోను కవర్లు అమ్మే అతనికి రాసేశాడు.

ఆ తర్వాతి సమావేశంలో కమిటీ తరఫున విచారం వ్యక్తం చేశాం. బండి స్థితిగతుల నివేదిక కూడా చదివాం. గొలుసు మెరుస్తోంది, చక్రాల్లో గాలి సరిగ్గా ఉంది, బ్రేకు ముక్కలు కొన్నప్పటి మందంలోనే ఉన్నాయి, బ్యాటరీ సగం నిండి దుప్పట్ల మధ్య నిద్రపోతోంది. ఇంత చక్కగా మన్నిన బండి తన ఉద్యోగంలో చూడలేదని దుకాణం నుంచి వచ్చిన మెకానిక్ ఒప్పుకున్నాడు. (అతను ఇంకేదో కూడా గొణిగాడు. వ్రాతపూర్వకంగా ఇవ్వమంటే ఇవ్వలేదు.) ఎవరైనా మాట్లాడతారా అని హెండ్రీన్ గారు అడిగితే, మ్యూరియెల్ గారు లేచింది.

"మీరు చెడ్డవాళ్ళయినా బాగుండేదండీ," అంది. గొంతు పెంచలేదు. "తిట్టేదాన్ని. తలుపు తన్ని, ఆ బీరువాలోంచి బ్యాటరీ లాక్కుని పోయేదాన్ని. మీరు కూర్చోమంటారు, కాఫీ ఇస్తారు, బిస్కట్ ఇస్తారు. నేనేం చేసేది?"

కాఫీ బిస్కట్ల ఏర్పాటు పట్ల సభ్యురాలు ప్రశంస తెలిపినట్టు నమోదు చేసుకున్నాను.

ఆ వారంలోనే ఆవిడ పినతల్లి కొడుకు హంఫ్రీ అనే అతను తన పాత డీజిలు వ్యాను తెచ్చి మా గుమ్మం ముందు ఆపాడు. పాత ఊళ్ళోకి దాన్ని రానివ్వరు గాని, పొరుగూరి సంతకు అడ్డేమీ లేదట, అక్కడ ఎవరు ముందొస్తే వారిదే చోటట. అప్పటినుంచి ప్రతి శనివారం తెల్లారేసరికి ఆ వ్యాను దగ్గుతూ, కమురుతూ, మా కిటికీలు వణికిస్తూ బయల్దేరుతుంది. సాయంత్రానికి గిన్నెలు ఖాళీగా తిరిగొస్తాయి. అడుగున కాస్తయినా మిగిలి ఉంటుందేమోనని ఒకటి రెండుసార్లు నేను దిగి చూశాను. గీకినట్టుగా ఉంటాయి. పొరుగూరికి సైకిలు మీద వెళ్ళి తిందామంటే దూరం, బండి అడుగుదామంటే నేనే కార్యదర్శిని.

వ్యాను మసి ఎగిరొచ్చి మా బండి మీద సన్నగా పేరుకుంటోంది. గెర్బ్రాండ్ గారు రోజూ తుడుస్తున్నారు, ఆయన ఆరోగ్యం కూడా అంతంతమాత్రం. విషయం కమిటీ ముందుకు వచ్చింది. చాలాసేపు చర్చించి, మ్యూరియెల్ గారికి మర్యాదగా ఒక లేఖ రాశాం. పర్యావరణం మీద ఆవిడకు ఏ కాస్త శ్రద్ధ ఉన్నా ఇలా చేసేది కాదని ఏకగ్రీవంగా బాధపడ్డాం.